సైనికుడి పాత్రకు కావలసింది వీపు మీద బరువు

యుద్ధ చిత్రాల్లో నటించేవారికి నిజమైన సైనిక అనుభవం ఉంటేనే పాత్ర సహజంగా కనిపిస్తుందా అని అడిగారు. మీ తమ్ముడికి ఒక చిత్రంలో జవాను వేషం వచ్చిందని కూడా రాశారు. నేను మద్రాస్ రెజిమెంటులో చేరి, వెల్లింగ్టన్‌లో శిక్షణ పొంది, కశ్మీరులో నియంత్రణ రేఖ మీది పోస్టుల్లో కాపలా కాసి, హవల్దారుగా పదవీ విరమణ చేసినవాణ్ని. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నటుడికి అనుభవం అక్కరలేదు, ఒళ్లు అలసి ఉంటే చాలు. అనుభవం ఉండవలసిన మనిషి దర్శకుడి పక్కన ఉండాలి.

ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఆర్. లీ ఎర్మీ పేరు ముందుకు తెస్తారు. అమెరికా మెరైన్ దళంలో రిక్రూట్లకు డ్రిల్లు నేర్పిన ఉస్తాదు ఆయన. 1987లో వచ్చిన ‘ఫుల్ మెటల్ జాకెట్’కు సలహాదారుగా వెళ్లి, చివరకు ఆ డ్రిల్ ఉస్తాదు పాత్రను తానే వేశారు. ఆయన నోరు తెరిస్తే నాకు ఇప్పటికీ మడమలు దగ్గరికి చేరతాయి. అయితే ఆయన తెర మీద చేసినది తన పాత ఉద్యోగమే, అందుకే అంత బాగా కుదిరింది. మాజీ సైనికులందరినీ కెమెరా ముందు నిలబెడితే అలా కుదరదు. మాలో చాలామందిమి ఫొటో తీస్తామన్నా సావధాన్‌లో బిగుసుకుపోతాం.

దానికంటే 1986 నాటి ‘ప్లటూన్’ను చూడండి. దర్శకుడు ఆలివర్ స్టోన్ స్వయంగా వియత్నాంలో పోరాడినవాడు. నటులు మాత్రం దాదాపు అందరూ కుర్రవాళ్లు, యుద్ధం ఎరగనివాళ్లు. మెరైన్ దళంలో కెప్టెన్‌గా పనిచేసిన డేల్ డై వాళ్లను ఫిలిప్పీన్స్ అడవిలోకి తీసుకుపోయి, గుంతలు తవ్వించి, ఆ గుంతల్లోనే పడుకోబెట్టి, రాత్రిపూట నిద్ర చెడగొట్టి, ఆ మట్టి ఒళ్లతోనే షూటింగుకు అప్పగించాడు. ఆ చిత్రంలో ఎవరు ఎలా కూర్చున్నారో, నీళ్లు ఎలా తాగారో గమనిస్తే మా పోస్టులో మనుషులే కనిపిస్తారు. మన దేశంలో నానా పటేకర్ కూడా 1991లో వచ్చిన ‘ప్రహార్’ కోసం మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీతో కలిసి శిక్షణ పొందారు. ఆయన నడకలో అది తెలుస్తుంది.

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం నా కళ్లతో చూసిన ఒక సంగతి. పదవీ విరమణ చేశాక, తెలిసినవారి ద్వారా ఒక తెలుగు చిత్రానికి సలహాదారుగా వెళ్లాను. హైదరాబాదుకు దూరంగా ఒక కొండ మీద ఇసుక బస్తాలతో బంకరు కట్టారు. కథానాయకుడి పక్కన సెక్షన్ కమాండర్, అంటే ఒక చిన్న దళ నాయకుడి వేషం వేస్తున్న కుర్రవాడు ఆ కొండ ఎక్కి రావాలి. ఎన్నిసార్లు ఎక్కినా పెళ్లికి వస్తున్నట్టే వచ్చాడు. నేను వెళ్లి అతని వీపు మీది సంచి, మేం పిట్టూ అనేది, ఎత్తి చూస్తే దూదిలా తేలింది. లోపలంతా థర్మోకోల్ ముక్కలు. వాటిని పారబోసి, బంకరు దగ్గరున్న ఇసుకను చిన్న సంచుల్లో కట్టి నింపి, బరువు నడుము మీదికి జారకుండా భుజాల దగ్గరికి వచ్చేలా పట్టీలు బిగించి, మధ్యాహ్నపు ఎండలో అదే కొండ మళ్లీ మళ్లీ ఎక్కించాను. అతను ఒక్క మాటా ఎదురు చెప్పలేదు.

కాసేపటికి ఆ అబ్బాయిలో వచ్చిన మార్పు నేను మరిచిపోలేను. మొదట మాటలు ఆగిపోయాయి. తరువాత తల ముందుకు వంగింది, చూపు ఆకాశం మీద నుంచి దిగి అడుగు వేయబోయే రాయి మీదికి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే రెండు బొటనవేళ్లూ భుజం పట్టీల కిందికి పోయాయి. పైకి చేరాక పిట్టూ దింపలేదు. ఒక బండకు దాన్ని ఆనించి, బరువు బండ మీద వేసి, కాళ్లు చాపి అలాగే కూర్చున్నాడు. పదిహేనేళ్లు సర్వీసు చేసిన జవాను ఎలా కూర్చుంటాడో సరిగ్గా అలాగే కూర్చున్నాడు. అది నేను నేర్పింది కాదు, ఆ బరువే నేర్పింది.

ఆ షాట్ తీశారు, తరువాత తీసేశారు. ముఖం సరిగా కనబడలేదని, మనిషి నీరసంగా ఉన్నాడని, మరునాడు థర్మోకోల్ నింపి అదే దృశ్యం మళ్లీ తీశారు. నాకు చాలా బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది. కొండ ఎక్కిన సైనికుడు నీరసంగా కాక ఎలా ఉంటాడు?

తుపాకుల సంగతీ అంతే. మన సైన్యపు ఇన్సాస్ రైఫిల్ నాలుగు కిలోల పైచిలుకు బరువు ఉంటుంది, మేగజీనులో ఇరవై తూటాలు పడతాయి, ఒక్కొక్కటిగా గానీ మూడేసి గానీ పేలుతుంది. ఫైబరుతో చేసిన తేలిక తుపాకీ పట్టుకున్న చేయి దాన్ని కర్రలా ఊపుతుంది, ఆ తుపాకీ నుంచి దృశ్యం ముగిసేదాకా తూటాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. పక్కవాడికి దెబ్బ తగలగానే నాయకుడు రైఫిల్ విసిరేసి అతన్ని ఒళ్లోకి తీసుకుని పెద్ద సంభాషణ చెబుతాడు. తూటాలు వస్తున్నప్పుడు ఎవడైనా ముందు నేలకు అతుక్కుంటాడు, ఆడ్, అంటే దాక్కునే చాటు, చూసుకుంటాడు, శత్రువు ఎక్కడ నుంచి కాలుస్తున్నాడో వెతుకుతాడు. దెబ్బ తిన్నవాణ్ని ఆడ్ వెనక్కి లాగి, అతని దగ్గరే ఉన్న ఫీల్డ్ డ్రెస్సింగు విప్పి గాయానికి కడతాం, అతని ఆయుధం వదిలిపెట్టం. ఏడుపు తరువాత వస్తుంది. ఈ క్రమం చూపిస్తే కన్నీళ్లు రావని దర్శకులు ఎందుకు అనుకుంటారో నాకు అర్థం కాదు.

తలమీద టోపీ లేకుండా సెల్యూట్ కొట్టించడం మరో తప్పు. సైన్యంలో టోపీ లేకపోతే సావధాన్‌లో నిలబడి జైహింద్ అంటాం, చేయి ఎత్తం. ‘వీర మద్రాసి, అడి కొల్లు, అడి కొల్లు’ (వీర మద్రాసీ, కొట్టి చంపు) అంటూ కదిలే మా మద్రాస్ రెజిమెంటులో ఎందరో తెలుగువాళ్లు ఉన్నా ఆ నినాదం మన తెరమీద ఎందుకు వినబడదని కూడా నాకు కోపం. ఇవి సరిచేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలో తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్లినవాళ్లున్నారు. అక్కడ అరుగు మీద కూర్చున్న పెద్దాయనను ఎవరినైనా పిలిచి చిత్రబృందంలో కూర్చోబెట్టుకుంటే సగం తప్పులు ముందే ఆగిపోతాయి.

మీ తమ్ముడి విషయానికి వస్తే, జిమ్ములో కండలు పెంచడం మీద డబ్బు పెట్టవద్దని చెప్పండి. పదాతి దళ జవాన్లలో ఎక్కువమంది సన్నగా, గట్టిగా ఉంటారు. చిత్రంలో వేసుకోబోయే బూట్లు ముందే అడిగి తెచ్చుకుని, మందపాటి మేజోళ్లతో రోజంతా వాటితోనే తిరగాలి. సంచిలో ఇసుక నింపి తెల్లవారకముందే నడవాలి. వేకువన మేం ‘స్టాండ్ టు’ అని ఆయుధాలతో సిద్ధంగా కూర్చుంటాం. అలా ఒక గంట ఫోను లేకుండా, కదలకుండా, ఒకే దిక్కు చూస్తూ కూర్చోవడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే సైనికుడి జీవితంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. అసలు తుపాకీకి సమానమైన బరువున్న నమూనా ఇవ్వమని నిర్మాతను మొహమాటం లేకుండా అడగాలి, కాల్చనప్పుడు వేలు ట్రిగ్గరు మీద పెట్టకూడదు. ఇదంతా షూటింగుకు కనీసం రెండు వారాల ముందు మొదలుపెట్టాలి. కొత్త బూటు కరిచిన కాలు మానడానికే మొదటి వారం పోతుంది.