‘నీవ్’ అంటే నేనా?

చిట్టీ,

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. పప్పుచారు పొయ్యి మీద ఉండగా ఎత్తాను, అది కాస్తా అడుగంటింది. "పుట్టబోయే బిడ్డకి ఐరిష్ పేరే పెడతారటే. పది అక్షరాలు రాసి రెండే పలుకుతారటగా! నువ్వు అక్కడే ఉన్నదానివి, కాస్త చెప్పు" అంది. చెప్పు అంటే వద్దని చెప్పు అని.

నేను వద్దనను. 2004లో నా కూతురికి అదే పని చేసినదాన్ని, ఏ మొహం పెట్టుకుని అంటాను? నిజం చెప్పాలంటే సంతోషమే వేసింది. గాల్వే అబ్బాయిని చేసుకుని, వాళ్ళ అమ్మమ్మలు మాట్లాడిన భాషలో బిడ్డకి పేరు వెతుక్కుంటున్నావు. చిన్నప్పుడు ‘ళ’ పలకడం రాక మేష్టారి చేత మొట్టికాయలు తిన్న పిల్లవి నువ్వేనా అనిపించింది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలి బొమ్మ పెట్టి వదిలేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. పుట్టిన 3 నెలల్లోపు రిజిస్టర్ చేయించాలి. పేరుని ఇంటిపేరుతో కలిపి గట్టిగా పిలిచి చూడు, పార్కులో పిల్లాణ్ణి కేకేసినట్టు. పాస్‌పోర్టులోనూ తర్వాత తీసుకునే ఓసీఐ కార్డులోనూ స్పెల్లింగ్ ఒక్కటే ఉండాలి. సిద్ధాంతి గారు నక్షత్రం చూసి అక్షరం పంపిస్తారు. అశ్విని వచ్చి చూ, చే, చో అన్నారనుకో, ‘చ’తో మొదలయ్యే అచ్చ ఐరిష్ పేరు ఇన్నేళ్ళలో నాకైతే తగల్లేదు. ఆ పేరు బారసాల రోజు బియ్యంలో ఉంగరంతో రాయించు. సర్టిఫికెట్ దాకా తీసుకెళ్ళకు.

ఫాద దగ్గర మాత్రం జాగ్రత్త. అచ్చు మీద పెట్టే ఆ ఏటవాలు గీతని వాళ్ళు ఫాద అంటారు, ‘పొడుగు’ అని అర్థం. అంటే మన దీర్ఘమే. షాన్ అనే పేరులో ‘ఏ’ మీద గీత మర్చిపోతే అది షన్ అవుతుంది, షన్ అంటే ముసలి. ఇంగ్లీషులో రాస్తే మన రమకీ రాముడికీ తేడా లేకుండా పోవడం లాంటిదే. కంప్యూటర్లో ఆ గీత పడదని ఎవరైనా అంటే ఊరుకోకు, పడేదాకా నిలబడు. సంతకం పెట్టేముందు కళ్ళజోడు పెట్టుకుని చూసుకో. ప్రసవమైన కొత్తలో నీకు అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి, అల్లుణ్ణి చూడమను.

ఇక మీ అమ్మ భయపడే ఆ అక్షరాలు. అందులో ఏమీ లేదే. ‘ఎమ్’ పక్కన ‘హెచ్’ వస్తే ‘వ’, ‘బి’ పక్కన ‘హెచ్’ వచ్చినా ‘వ’. పాతకాలపు రాతలో అక్షరం నెత్తిన చుక్క పెట్టేవారు, తర్వాత చుక్కకి బదులు ‘హెచ్’ వచ్చింది. అక్షరాన్ని మెత్తబరచడం అంటారు దాన్ని. బళ్ళో గసడదవాదేశం చదువుకున్నాం కదా, ‘వారు పోరు’ పోయి ‘వారువోరు’ అవుతుందని. మన ‘ప’ మెత్తబడి ‘వ’ అయినట్టే వాళ్ళ ‘బ’, ‘మ’లు అవుతాయి. ఇంకోటి, ఐరిష్‌లో ‘త’, ‘ద’లు చాలాచోట్ల మనలాగే నాలుకని పళ్ళకి ఆనించి పలుకుతారు. తైగ్ అనే పేరుని ఇంగ్లీషు వాళ్ళు టైగ్ అంటారు. మీ అమ్మ తైగ్ అంటే మీ అత్తగారు ముచ్చటపడుతుంది చూడు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. నాకు నిద్ర పట్టనిది దీని గురించే.

నేను 2001లో ఐర్లండులోని కార్క్ వచ్చాను. ఆసుపత్రి వార్డులో నన్ను విజయలక్ష్మి అని పిలవలేక వీజే అన్నారు. వీజే వీజే అంటే నవ్వుతూ పలికాను. ఐదు అక్షరాలు నేర్చుకోండి అని ఒక్కరోజు కూడా అనలేదు. 2004లో కడుపుతో ఉన్నాను. ఆ జూన్ 11న ఇక్కడ ఓటింగ్ జరిగింది. ఈ గడ్డ మీద పుట్టిన ప్రతి బిడ్డకీ పుట్టగానే పౌరసత్వం ఇవ్వాలా వద్దా అని. నూటికి 79 మంది అక్కర్లేదన్నారు. ఆ చట్టం మరుసటి జనవరి 1 నుంచి గానీ అమల్లోకి రాలేదు, నా బిడ్డ అక్టోబరులోనే పుట్టింది, కాగితాల విషయంలో మాకేం ఇబ్బంది రాలేదు. కానీ ఆ ఎండాకాలమంతా టీవీలో, టీ గదిలో అదే చర్చ. నాతో కలిసి బిస్కెట్లు తినేవాళ్ళు కూడా నా పొట్ట వంక చూసి మాట మార్చేసేవాళ్ళు. పేరైనా ఇక్కడిది పెడితే నా బిడ్డని ఎవరూ ఏమీ అడగరు అనుకున్నాను. మీ బాబాయి దేనికీ అడ్డు చెప్పే మనిషి కాదు. మా వార్డు పెద్ద నర్సు ‘నీవ్’ అని చెప్పింది. కాంతి అని అర్థం, సముద్రం అవతల తీర్ నా నోగ్ అనే యవ్వన దేశపు రాకుమారి అని చెప్పింది. అంతవరకే విని మురిసిపోయాను. మిగతా కథ తర్వాతెప్పుడో తెలిసింది. ఆవిడ వెంట వెళ్ళిన అషీన్ అక్కడ మూడేళ్ళు ఉన్నాననుకుని ఇంటికి తిరిగొస్తాడు. తీరా చూస్తే మూడొందల ఏళ్ళు గడిచిపోయాయి, తనవాళ్ళు ఒక్కరూ లేరు. గుర్రం మీద నుంచి కాలు నేలకి తగలగానే ముసలివాడైపోతాడు. ముందే తెలిసుంటే ఆ పేరు పెట్టేదాన్నా? ఏమో.

ఫోన్ కార్డు గీకి తెనాలికి ఫోన్ చేశాను. "పేరేం పెట్టారే?" అంది అమ్మ.

"నీవ్, అమ్మా."

"నేనా? నా పేరే పెట్టారా?" అంది. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది చిట్టీ. ‘నీవు’ అని విన్నది. నీ పేరే అంటున్నాననుకుంది. మొదటి ఆడపిల్లకి అమ్మమ్మ పేరు పెట్టారని ఎంత పొంగిపోయిందో! నేను "అబ్బ, కాదమ్మా" అని ఎన్, ఐ, ఏ, ఎమ్, హెచ్ అంటూ చెప్పుకొచ్చాను. అవతల కాసేపు మాట లేదు. "సర్లే, బాగుంది" అంది.

ఇంకో సంగతి తెలుసా? ఐర్లండులోనూ పాతకాలం ఆచారం ఇదే. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, మొదటి కూతురికి తల్లి తల్లి పేరు. మన లెక్కన చూసినా వాళ్ళ లెక్కన చూసినా అమ్మ అనుకున్నదే సబబు.

తర్వాత ఫోటో పంపితే, వెనక రాసిన ఇంగ్లీషు అక్షరాలు పాలబ్బాయి చేత చదివించుకుంది. వాడు నియమ్ అన్నాడు. అమ్మకి అది నచ్చింది. అర్థం తెలిసిన మాట కదా. "మా మనవరాలు నియమమ్మ, ఐర్లండు పేరు" అని వీధంతా చెప్పుకుంది. 2008 ఎండాకాలం మేము వచ్చాం. నువ్వు కూడా అక్కడే ఉన్నావు, పదో తరగతి సెలవులు. గుర్తుందా? వరండా నిండా జనం. అమ్మ చేతులు చాచి "నియమమ్మా, రా తల్లీ" అంది. నేను అందరి ముందూ గయ్యిమన్నాను. "ఎన్నిసార్లు చెప్పానమ్మా? నీవ్! నీవ్! ఒక్క ముక్క పలకడం రాదా? దానికి తప్పు పేరు అలవాటైతే అక్కడ బళ్ళో నవ్వుతారు!"

అమ్మ నవ్వింది. జంతికలు తెస్తానని లోపలికి వెళ్ళింది.

ఆ తర్వాత 2014లో పోయేదాకా ఆ పేరు పలకలేదు. ఒక్కసారి కూడా. "పిల్ల తిన్నదా?" "పాపకి జ్వరం తగ్గిందా?" అంతే. నేను చాలారోజులు గమనించలేదు కూడా. దానికి ఎనిమిదేళ్ళప్పుడు స్పీకర్‌లో మాట్లాడి పెట్టేశాక, "అమ్మా, అమ్మమ్మకి నా పేరు తెలీదా?" అని అడిగింది. సిగ్గులే అన్నాను. ఎవరికి సిగ్గో చెప్పలేదు.

వార్డంతా నా పేరుని ఖూనీ చేస్తే పర్లేదు పర్లేదు అన్నదాన్ని, కన్నతల్లి ఒక్క అక్షరం తప్పు పలికితే ఓర్చుకోలేకపోయాను. బళ్ళో నవ్వుతారని గదా నా టెన్షన్? దాని క్లాసులో ఇద్దరు నీవ్‌లు ఉన్నారు. మొదటిరోజు టీచరు పట్టించుకున్నది పేరుని కాదు, డబ్బాలో పెట్టిన పులిహోరని.

అందుకని నువ్వు ఏ పేరు అనుకున్నా ముందు మీ అమ్మ నోట్లో వేసి చూడు. అర్థాల పుస్తకాలు తర్వాత. స్పెల్లింగ్ చెప్పకు, ఊరికే పలుకు, ఆవిడ తిరిగి ఏమంటుందో విను. నేను మీ అమ్మని తలుచుకుని కొన్ని పలికి చూశాను. నోరా అందమైన పేరే, కానీ మీ అమ్మ పిలిచినప్పుడల్లా "నోరా, వీపుకు చేటు తేకే" అని కలుపుతుంది, ఆవిడ సంగతి నీకు తెలుసు. ఊనా వద్దు, ఊనం అన్నట్టుంటుంది. షీలా వీళ్ళ పేరే, ఏ గొడవా లేదు, కాకపోతే ఇక్కడ ఆ పేరున్న వాళ్ళంతా నా ఈడు వాళ్ళు. కీరా అంటే నల్లని పిల్ల, మగపిల్లాడైతే కీరాన్, మన కృష్ణుడి పేరే అనుకో. మీ అమ్మకి ముందు కీరా దోసకాయ గుర్తొస్తుంది. కీరం అంటే చిలుక కూడా, కీరవాణి లేదూ అని నచ్చజెప్పొచ్చు. తార జోలికి ఊరికే పోకు. మీత్ కౌంటీలో రాజుల కొండ పేరు అదే గానీ, ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళలో ఇప్పటికే నలుగురు తారలున్నారు.

డేర్డ్రా మాత్రం నా మాట విని వద్దు. పాత ఐరిష్ కథలో, పుట్టినప్పుడే దీనివల్ల నెత్తురు పారుతుందని జోస్యం చెప్పించుకున్న పిల్ల. సీత కష్టాలన్నీ ఉన్నాయి, లవకుశులు లేరు. ఇది మూఢనమ్మకం అంటావు. అనుకో.

నన్నడిగితే ఆడపిల్లకి మేవ్. పాత కథల్లో మీ అత్తవారి కానాక్ట్ సీమకి రాణి. ఒక ఎద్దు కోసం ఉల్స్టర్ మీదికి సైన్యాన్ని నడిపింది. కోడిపందెం మీద పల్నాడు తగలబడిన కథ వింటూ పెరిగాం, మనకి ఇదేం కొత్త? ఆ పేరుకి తేనెతో చేసే మద్యంతో చుట్టరికం, మన ‘మధువు’ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. మీ అమ్మ మధూ అని పిలిచినా తప్పు పలికినట్టు కాదు. మగపిల్లాడైతే దారా. మీ అత్తగారి ఊరివాళ్ళు జులై 16న మాక్ దారా దీవికి పడవల్లో వెళ్తారు కదా, ఆ సాధువు పేరే. ఆ దీవి దాటేటప్పుడు తెరచాప మూడుసార్లు దించి దణ్ణం పెట్టుకునేవారట. మీ నాన్న దారాసింగ్ అంటాడు. అననీ.

ఇవన్నీ కాదని నీకు నచ్చిందే పెట్టుకుంటావని తెలుసు. పెట్టుకో. మీ అమ్మ దాన్ని ఎలా తిప్పి పలికినా సరిచెయ్యకు. ముఖ్యంగా మనుషుల ముందు.

పోయిన సంక్రాంతికి మేము తెనాలి వెళ్ళాం కదా. నా కూతురు మేడ మీద ఉంది. మీ అమ్మ మెట్ల దగ్గర నిలబడి "నియమమ్మా, అరిసెలు చల్లారిపోతున్నాయే" అని కేకేసింది, అచ్చం అమ్మలాగే. "వస్తున్నా పెద్దమ్మా" అంటూ అది దిగి వచ్చింది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

ఐరన్ మాత్రలు తప్పకుండా వేసుకో, టీతో కలిపి మాత్రం మింగకు. కాన్పు టైముకి వారం ముందే వచ్చి కూర్చుంటాను. కారప్పొడులు అన్నీ తెస్తాను, నువ్వు ఏవీ కొనకు.

మీ పిన్ని