ఫోర్ట్ స్టీవెన్స్‌లో రెండు రాత్రులు: అమ్మానాన్నలను తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు

ఏటా మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అక్కా, ఇండియా నుంచి అమ్మావాళ్ళు వస్తున్నారు, పిల్లలకు సెలవులు, దగ్గర్లో ఎక్కడికి తీసుకెళ్ళమంటారు?" అని. ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్ దగ్గరి హిల్స్‌బోరో, బీవర్టన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకు నేను చెప్పే మొదటి పేరు సముద్రతీరంలోని ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కు. "పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేయచ్చా?" అన్నది తర్వాతి ప్రశ్న. రావచ్చు, 26వ నంబరు హైవే పట్టుకుంటే రెండు గంటల దారే. కానీ ఆ చోటు చూడాల్సింది సాయంత్రం ఆరు తర్వాత, మళ్ళీ పొద్దున్నే. అందుకే కనీసం రెండు రాత్రులు ఉండండి అంటాను.

కొలంబియా నది పసిఫిక్ సముద్రంలో కలిసే చోట, ఒరెగాన్ రాష్ట్రం వాయవ్య మూలన ఉంటుంది ఈ పార్కు. దాదాపు 4,300 ఎకరాలు. ఒక పక్క సముద్రం, ఒక పక్క నది, మధ్యలో అడవి, అడవిలో మంచినీళ్ళ చెరువు, చెట్ల మధ్య పాత కోట. క్యాంపింగ్ స్థలాలే 500 దాకా ఉంటాయి. ఇన్ని ఉన్నాయి కదా, ఎప్పుడైనా దొరుకుతాయిలే అనుకోకండి. ఒరెగాన్ స్టేట్ పార్కుల వెబ్‌సైట్‌లో ఆరు నెలల ముందు నుంచి బుకింగ్ తెరుస్తారు. జులై, ఆగస్టు వారాంతాలకు, ముఖ్యంగా యర్ట్‌లకు (గుడారం బట్టతో కట్టిన గుండ్రటి గదులు), ఆ ఆరు నెలల లెక్క చూసుకుని కూర్చోవాల్సిందే. అమ్మావాళ్ళ టికెట్లు ఖాయమైన రోజే ఇది కూడా చేసేయండి.

"మేం హెచ్1 మీద ఉన్నాం, మాకు ఇస్తారా?" అని కొందరు మొహమాటంగా అడుగుతారు. వీసాతో, పౌరసత్వంతో దీనికి సంబంధమే లేదు. ఒరెగాన్‌లో ఉంటున్నారా, బయటి రాష్ట్రమా అన్నది మాత్రం చూస్తారు. సియాటిల్ నుంచి వచ్చేవాళ్ళకు క్యాంపింగ్ రేటు కాస్త ఎక్కువ పడుతుంది. ఒక స్థలానికి 8 మందికి మించి ఉండకూడదు. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే పక్కపక్క స్థలాలు చూసి రెండు మూడు తీసుకోండి, ఒక్కదాంట్లో సర్దుకుందాం అనుకోవద్దు.

పెద్దవాళ్ళు ఉంటే నేను టెంట్ వద్దంటాను. నేల మీద పడుకుని లేవడం అరవై దాటినవాళ్ళకు కష్టం. యర్ట్ తీసుకోండి. గుండ్రటి గది, గుడారం బట్టతో కట్టినదే కానీ చెక్క నేల, తలుపుకు తాళం, లైటు, హీటరు, మంచాలు అన్నీ ఉంటాయి. దుప్పట్లు, దిండ్లు మాత్రం మనమే తెచ్చుకోవాలి. మొదటిసారి మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. అమ్మ తన పట్టుచీర మడిచి తలకింద పెట్టుకుని పడుకుంది. బాత్రూం బయట, అందరికీ కలిపి ఉంటుంది. రాత్రిళ్ళు రెండు మూడుసార్లు లేవాల్సి వచ్చే పెద్దలుంటే క్యాబిన్ చూడండి, వాటిలో బాత్రూం లోపలే. యర్ట్ లోపల వంట చేయనివ్వరు. బయట బల్ల ఉంటుంది, అక్కడ చేసుకోవాలి.

ఇక చలి. జులైలో హిల్స్‌బోరోలో 95 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో మండిపోతుంటే అక్కడ 65 ఉంటుంది, రాత్రికి 50ల్లోకి దిగుతుంది. పైగా సముద్రపు గాలి, పొద్దున పొగమంచు. మన కాకినాడ బీచో, రుషికొండో మనసులో పెట్టుకుని పల్చటి నూలు బట్టలు సర్దుకుంటారు చాలామంది. నాన్నగారి కోసం మంకీ క్యాప్, అమ్మగారికి స్వెట్టర్, సాక్సులు, పిల్లలకు రెయిన్ జాకెట్లు తప్పకుండా పెట్టండి. ఏదైనా మర్చిపోతే పక్కనే వారెంటన్ ఊళ్ళో కాస్ట్‌కో అనే పెద్ద దుకాణం ఉంది, టెన్షన్ పడక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది సముద్రం. దయచేసి ఇది రెండుసార్లు చదవండి.

ఈ నీళ్ళు ఎండాకాలంలో కూడా ఈతకు పనికిరావు. పాదాలు పెట్టిన నిమిషానికే ఎముకలు లాగుతాయి. చలి ఒక్కటే కాదు, ఇక్కడ స్నీకర్ వేవ్ అంటారు, చెప్పాపెట్టకుండా వచ్చే అల. పదిహేను నిమిషాలు చిన్నచిన్న అలలే వస్తాయి, మనం అలవాటుపడిపోతాం, ఉన్నట్టుండి ఒకటి అంతకు ముందు తడవని ఇసుకంతా దాటుకుని పైకి వచ్చేస్తుంది. మా బాబుకు అప్పుడు ఆరేళ్ళు. ఒడ్డున పడి ఉన్న పెద్ద దుంగ మీద వాడిని నిలబెట్టి ఫోటో తీస్తున్నాను. దుంగ చుట్టూ ఇసుక పొడిగానే ఉంది. ఫోన్ తెరలో చూస్తున్న నాకు వాడి వెనక నీళ్ళు తెల్లగా పైకి లేవడం కనిపించింది. మా ఆయన పరుగెత్తి వాడి చొక్కా పట్టుకుని లాగేశారు. అంతలోనే ఆ దుంగ, ఇద్దరు మనుషులు కలిసి కూడా కదల్చలేనిది, నీళ్ళలో పెన్సిల్ దొర్లినట్టు పక్కకు దొర్లింది. ఆ రోజు మా వాడి చెప్పు ఒక్కటే పోయింది. ఈ తీరంలో అలాంటి దుంగల కిందపడి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. దుంగలెక్కకండి, పిల్లలను ఎక్కించకండి, సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి.

పిల్లలు నీళ్ళలో ఆడాలని గొడవ చేస్తే పార్కులోనే కాఫెన్‌బరీ చెరువు ఉంది. చుట్టూ చెట్లు, గాలి తగలదు, ఎండ ఉన్న రోజున పిల్లలు గంటలు గంటలు ఆడుకుంటారు.

ఇంకో మాట. బీచ్ మీద ఒక భాగంలో కార్లు నడపనిస్తారు. ఎవరో వెళ్తున్నారని మీ సెడాన్‌నో, అద్దె కారునో ఇసుకలోకి దించకండి. కూరుకుపోతే పోటు వచ్చేలోగా బయటికి తీయడం మన వల్ల అయ్యే పని కాదు.

అక్కడక్కడ నీలం రంగు సునామీ బోర్డులు కనిపిస్తాయి. 1700 జనవరి 26న ఈ తీరంలో వచ్చిన భారీ భూకంపానికి లేచిన సునామీ జపాన్ దాకా వెళ్ళింది. 2004 డిసెంబరు తర్వాత మన కోస్తావాళ్ళకు సునామీ గురించి వేరే చెప్పక్కర్లేదు. నేల గట్టిగా కదిలితే హెచ్చరిక కోసం చూడకుండా ఎత్తైన చోటికి నడవాలి. చేరిన రోజే ఆ దారి ఎటో ఒకసారి చూసుకోండి.

తిండి సంగతి మీకు నేను చెప్పాలా? మొదటి రోజుకు పులిహోర, పెరుగన్నం కలిపి తీసుకెళ్ళండి. కరెంటు ఉన్న స్థలం తీసుకుంటే రైస్ కుక్కర్ హాయిగా పనిచేస్తుంది. నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చుకుని, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రాసుకుని తింటే అమ్మావాళ్ళ ముఖాలు చూడాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్ళకండి, అక్కడే కొనండి. ఒక చోటి కట్టెలతో పాటు చెట్లను చంపే పురుగులు ఇంకో అడవికి పోతాయని ఈ నియమం. పడుకునే ముందు తిండి సామానంతా కారులో పెట్టి తాళం వేయాలి, లేకపోతే రకూన్లనే అడవి జంతువులు వదలవు. మూత గట్టిగా ఉందిలే అని బల్ల మీద వదిలేసిన సున్నుండల డబ్బా పొద్దున చెట్ల మధ్య ఖాళీగా దొరికింది మాకు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నిశ్శబ్దంగా ఉండాలి. స్పీకర్లో పాటలు, పెద్ద గొంతుతో కబుర్లు పదికి ఆపేయండి. పక్క గుడారంలో పసిపిల్లలు పడుకుని ఉంటారు.

బీచ్‌లో ఇసుకలోంచి పైకి లేచి కనిపించే ఇనుప అస్థిపంజరం పీటర్ ఐర్‌డేల్ అనే నాలుగు తెరచాప స్తంభాల ఓడది. 1906 అక్టోబరు 25న, మెక్సికో నుంచి పోర్ట్‌లాండ్‌కు గోధుమలు నింపుకోవడానికి వస్తూ, పొగమంచులో, గాలివానలో ఇక్కడ ఇసుకకు కొట్టుకుంది. మనుషులందరూ బతికారు. నదీముఖం దగ్గర మునిగిన ఓడలకు లెక్కే లేదు, ఈ ప్రాంతాన్ని పసిఫిక్ శ్మశానం అంటారు. ఆటు సమయం చూసుకుని సాయంత్రం వెళ్తే ఓడ దాకా నడవచ్చు. తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది, అంచులు కోసుకుంటాయి, పిల్లల చేతులు జాగ్రత్త.

ఇక కోట. మన గోల్కొండనో, కొండపల్లినో ఊహించుకుని వెళ్తే బురుజులు కనిపించవు. ఇక్కడ కోట అంటే మట్టి గట్ల వెనక, గడ్డి కింద దాచిన కాంక్రీటు. సముద్రం నుంచి చూసేవాడికి కనిపించకూడదని అలా కట్టారు. అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్న రోజుల్లో, 1863లో, నదిలోకి శత్రువుల ఓడలు రాకుండా మొదలుపెట్టిన కోట ఇది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1947లో సైన్యం వదిలేసింది. బ్యాటరీ రస్సెల్ అనే భాగం తప్పక చూడండి. 1904 నాటిది. 10 అంగుళాల ఫిరంగులు రెండు ఉండేవి, పేల్చడానికి గోడపైకి లేచి, పేలాక వెనక్కి గోడ చాటుకు దిగిపోయేవి. ఇప్పుడు ఫిరంగులు లేవు, అవి తిరిగిన గుండ్రటి గుంతలు, గుండ్లు దాచిన చీకటి గదులు ఉన్నాయి. టార్చి తీసుకెళ్ళండి. పైన చాలా చోట్ల పిట్టగోడ లేదు, పిల్లల చెయ్యి వదలకండి.

1942 జూన్ 21 రాత్రి ఐ-25 అనే జపాన్ జలాంతర్గామి ఈ కోట మీద 17 గుండ్లు పేల్చింది. కోట అధికారి దీపాలన్నీ ఆర్పించి, తిరిగి కాల్చవద్దని ఆదేశించాడు. కాలిస్తే ఫిరంగులు ఎక్కడున్నాయో శత్రువుకు తెలిసిపోతుందని. సైనికులు కోపం దిగమింగుకుని చీకట్లో కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు, బేస్‌బాల్ మైదానంలో బంతులు ఆపే కంచె దెబ్బతింది.

ఇదంతా బ్యాటరీ రస్సెల్ మెట్ల మీద కూర్చుని నాన్నకు చదివి చెప్తున్నాను. నాన్న ఆగమని, "ఏ సంవత్సరం అన్నావు?" అన్నారు. నాన్నది కాకినాడ. అదే ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. నాన్నకు అప్పుడు నాలుగేళ్ళు. మా నాయనమ్మ ఆయన్ని చంకనేసుకుని, గిన్నెలో ఉన్న అన్నం మూట కట్టుకుని, ఎడ్లబండిలో పుట్టింటికి వెళ్ళిపోయిందట. ఆ ఎడ్ల మెడలో గంటలు విప్పేశారని, చప్పుడు కాకూడదని, అది ఒక్కటే తనకు బాగా గుర్తుందని చెప్పారు. ఇన్నేళ్ళలో ఆ మాట నేను వినలేదు. బాబు తాతయ్య పక్కన కూర్చుని, "బండికి లైట్లు కూడా లేవా?" అని అడిగాడు. లాంతరు కూడా ఆర్పేశారట.

మర్నాడు పొద్దున లేచి చూస్తే నాన్న యర్ట్‌లో లేరు. మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని, మా వాడి చెయ్యి పట్టుకుని బ్యాటరీ రస్సెల్ వైపు నడుస్తున్నారు. రెండో రాత్రికి బుక్ చేశాం కాబట్టి తొందరేమీ లేదు, పిలవకుండా టీ నీళ్ళు పెట్టాను.