గోడ మీది బొమ్మకు దిక్కెవరు?

(నగరాల గోడలు, గుర్తులు, వాటి బాగోగుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, చాలాకాలంగా వీధిగోడలకు బొమ్మలు వేస్తున్న చిత్రకారుడి జవాబులు)

ప్రశ్న: మా వీధి చివర పెద్ద గోడ మీద చేపల బొమ్మలు వేశారు. చూడముచ్చటగా ఉండేవి. రెండు వానాకాలాలు గడిచాయో లేదో కింది వరస చేపలన్నీ పెచ్చులూడిపోయాయి. పై వరస బాగానే ఉంది. చవక రంగులు వాడి మోసం చేశారంటారా?

జవాబు: పై వరస నిలిచిందంటున్నారుగా, మీ ప్రశ్నలోనే జవాబుంది. రెండింటికీ వాడింది అదే రంగు అయి ఉంటుంది. తేడా గోడలో ఉంది. నేలలోని చెమ్మ గోడలోకి ఎగబాకుతుంది. వస్తూ వస్తూ ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను వెంటబెట్టుకొస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అది రంగు పొర వెనకే గడ్డకట్టి పొరను బయటికి నెడుతుంది. ముందు బొబ్బలు, తర్వాత పెచ్చులు. ఎంత ఖరీదైన డబ్బా తెచ్చి పూసినా ఇంతే.

మళ్లీ వేయించే ఆలోచన ఉంటే ఒక పని చేయండి. అడుగు పొడవూ అడుగు వెడల్పూ ఉన్న ప్లాస్టిక్ కాగితాన్ని గోడ కింది భాగంలో పెట్టి, నాలుగంచులా టేపు వేసి గట్టిగా అతికించండి. మర్నాడు విప్పి చూడండి. లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే ఆ గోడ ఇంకా బొమ్మకు సిద్ధంగా లేదు. తర్వాత పొడిగా ఉన్నచోట అరచేత్తో రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటితే, మీరు వేసే రంగు పట్టుకునేది ఆ పాత సున్నాన్నే కానీ గోడను కాదు. సున్నం రాలినప్పుడు దాంతోపాటే బొమ్మా రాలుతుంది. గీకాలి, కడగాలి, ఆరనివ్వాలి, ప్రైమర్ కొట్టాలి. కొత్త ప్లాస్టరింగ్ అయితే నాలుగు వారాలైనా ఆగాలి. పచ్చి సిమెంటులోని క్షారం రంగును తినేస్తుంది. ఆ నాలుగు వారాలే మాకు ఎవరూ ఇవ్వరు. ప్రారంభోత్సవం తేదీ ముందే ఖాయమైపోతుంది. సిమెంటు ఆగమంటుంది, ముఖ్య అతిథి ఆగడు.

ఎండ సంగతి వేరు. అది రంగును రాల్చదు, వెలవెలబోయేలా చేస్తుంది. పడమటి ఎండ తగిలే గోడ మీద మెరిసిపోయే ఎరుపులూ పసుపులూ చాలామటుకు ముందు పోతాయి. కావి, గోధుమ లాంటి ఇనుము ఆక్సైడ్ రంగులు మొండివి. అందుకే ముఖాలకూ గీతలకూ నేను వాటినే నమ్ముకుంటాను.

బెర్లిన్ గోడలో కూల్చకుండా మిగిల్చిన భాగం మీదున్న బొమ్మల వరస, ఈస్ట్ సైడ్ గ్యాలరీకీ ఈ తిప్పలు తప్పలేదు. 1316 మీటర్ల పొడవున వందమందికి పైగా చిత్రకారులు 1990లో వేసిన బొమ్మలు వానకూ వాహనాల పొగకూ, వచ్చినవాళ్లంతా రాసుకున్న పేర్లకూ పాడైపోయాయి. 2009లో ఆ చిత్రకారులనే పిలిచి మళ్లీ వేయించారు. సోవియట్ నేత బ్రెజ్నెవ్, తూర్పు జర్మనీ నేత హోనెకర్ ముద్దు పెట్టుకుంటున్న బొమ్మ వేసిన దిమిత్రీ వ్రూబెల్ కూడా వచ్చి తన బొమ్మను తిరిగి వేశాడు. ఇక్కడ గమనించాల్సింది, మరమ్మతుకు డబ్బు పెట్టడానికి ఒకరు ముందుకొచ్చారన్నది. మీ చేపల గోడకు అలాంటివాళ్లు ఎవరున్నారు? వేయించినవాళ్లను కలిసినప్పుడు మొదట అడగాల్సింది ఇదే.

ప్రశ్న: గోడలకు బొమ్మలేస్తే అక్కడ చెత్త వేయడం మానేస్తారంటారు. నిజమేనా?

జవాబు: కొన్నాళ్లు మానేస్తారు. ఆ పక్కన చెత్తకుండీ, రాత్రిపూట దీపం లేకపోతే మళ్లీ మొదలుపెడతారు. పాపం, బొమ్మ ఒక్కటే ఎంతకని కాపలా కాస్తుంది!

అయితే ఈ విషయంలో అల్బేనియా రాజధాని టిరానా కథ నాకు ఇష్టం. 2000లో ఎడీ రామా అనే చిత్రకారుడు అక్కడ మేయరయ్యాడు. ఖజానాలో పెద్దగా డబ్బు లేదు. బూడిదరంగు భవనాలకు నారింజలాంటి ముదురు రంగులు వేయించడం మొదలుపెట్టాడు. రోడ్లమీద జనం ఆగి చూశారు, కొందరు తిట్టారు కూడా. ఊరంతా రంగుల గురించే మాట్లాడుకున్నారనీ, వీధుల్లో చెత్త తగ్గిందనీ తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. అది మేయరు మాట కాబట్టి కాస్త తగ్గించి తీసుకోండి. కానీ అక్రమ కట్టడాలను తీసేయడం, చెట్లు నాటడం కూడా రంగులతోపాటే జరిగాయి. మన దగ్గరికి వచ్చే పిలుపుల్లో రంగులే ఉంటాయి, మిగతావి ఉండవు.

ప్రశ్న: మా అపార్టుమెంటు ప్రహరీ మీద సంఘం అనుమతితోనే ఒకాయన బొమ్మ వేశాడు. ఇప్పుడు కొత్త కమిటీ దానిమీద రంగు కొట్టించేస్తానంటోంది. ఆయన అడ్డుకోగలడా?

జవాబు: అడ్డుకోగలడో లేదో వకీలు చెప్పాలి. కానీ హక్కే లేదనుకుంటే పొరపాటు. మన కాపీరైటు చట్టం సెక్షన్ 57 ప్రకారం, కాపీరైటును వేరేవాళ్లకు రాసిచ్చేసినా తన పరువుకు భంగం కలిగేలా కృతిని వికృతం చేస్తే కళాకారుడు కోర్టుకెళ్లవచ్చు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహ్‌గల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి కొట్లో పడేశారు. ఆయన ప్రభుత్వం మీద దావా వేశాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇమ్మంది, 5 లక్షల రూపాయల పరిహారం కూడా ఇమ్మంది. న్యూయార్కులో అయితే 5పాయింట్జ్ అనే పాత ఫ్యాక్టరీ గోడల మీది బొమ్మలకు యజమాని 2013లో రాత్రికి రాత్రే తెల్లరంగు కొట్టించాడు. 2018లో కోర్టు 21 మంది చిత్రకారులకు 67 లక్షల డాలర్లు ఇప్పించింది.

మీ కమిటీని భయపెట్టడానికి చెప్పడం లేదు. రంగు కొట్టేముందు ఆయనకు కబురు పెట్టమనండి. ఫొటోలు తీసుకోవడానికి పదిరోజులు గడువివ్వమనండి. నా వరకు అంత మర్యాద చేస్తే నేను గొడవ పడను. గోడ మీద బొమ్మ శాశ్వతం కాదని తెలిసే నిచ్చెనెక్కుతాం. చెప్పకుండా కొట్టేస్తేనే కడుపు మండుతుంది.

ప్రశ్న: మా ఊరికి చెప్పుకోదగ్గ గుర్తంటూ ఏదీ లేదు. సర్కిల్లో పెద్ద విగ్రహం పెట్టిద్దామని చందాలు వసూలు చేస్తున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: మీ డబ్బు, మీ ఇష్టం. కానీ గుర్తు అనేది పెడితే వచ్చేది కాదు. ఐఫెల్ టవరును కడుతుంటే, 1887 ఫిబ్రవరిలో మొపాసా లాంటి రచయితలు, ఒపేరా భవనం కట్టిన గార్నియే పత్రికలో నిరసన లేఖ మీద సంతకాలు పెట్టారు. టవరుకు ఇచ్చిన అనుమతి కూడా 20 ఏళ్లకే. తర్వాత విప్పేయాల్సింది, వైర్‌లెస్ యాంటెన్నాకు పనికొచ్చి బతికింది. ఇప్పుడు అది లేని పారిస్‌ను ఎవరూ ఊహించుకోలేరు.

కొత్తవాళ్లకు దారి చెప్పేటప్పుడు మీ నోట మొదట ఏది వస్తుందో గమనించండి. పాత నీళ్ల ట్యాంకు కావచ్చు, మూతపడ్డ సినిమా హాలు కావచ్చు. మీ ఊరి గుర్తు అదే. చందా ఇవ్వక తప్పదంటే, అందులో సగం దాని మరమ్మతుకు పెట్టమని రసీదు మీద రాయించుకుని ఇవ్వండి.