పారిస్, స్విస్, రోమ్: పిల్లలతో మూడు చోట్లా, రెండా?

ప్రశ్న: మేం మియాపూర్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగులం. చేతికొచ్చే జీతాలు కలిపి నెలకు రూ.2.10 లక్షలు. ఇంటి లోను ఈఎంఐ రూ.48 వేలు, ఇంటి ఖర్చులూ బడి ఫీజులూ రూ.75 వేలు, సిప్‌లు రూ.25 వేలు, బీమా ప్రీమియంలు నెలవారీ లెక్కన రూ.7 వేలు పోతాయి. పాపకు 10 ఏళ్లు, బాబుకు 4. వచ్చే మే నెలలో పన్నెండు రోజులు పారిస్, స్విట్జర్లాండ్, రోమ్ తిరిగి రావాలని అనుకుంటున్నాం. ఓ టూర్ సంస్థ నలుగురికీ కలిపి రూ.11.50 లక్షలు చెప్పింది. సేవింగ్స్ ఖాతాలో రూ.3 లక్షలున్నాయి. మార్చిలో బోనస్ పన్ను పోను రూ.2 లక్షలు రావచ్చు. తక్కువ పడ్డదానికి పర్సనల్ లోన్ తీసుకోవాలా, ఫండ్లలో ఉన్న రూ.4 లక్షలు అమ్మేయాలా? ప్యాకేజీ మంచిదా, సొంతంగా వెళ్లడం మంచిదా? - ఓ పాఠకురాలు

జవాబు: లోనూ వద్దు, ఫండ్లూ ముట్టుకోవద్దు. రోమ్ వదిలేయండి. మిగతా రెండు చోట్లకూ మీ జీతంలోంచే డబ్బు కూడుతుంది. ఎలాగో చూద్దాం.

ముందు ప్యాకేజీ సంగతి. రూ.11.50 లక్షలు అన్నప్పుడు అందులో 5 శాతం జీఎస్టీ ఉందో లేదో అడిగారా? లేకపోతే మరో రూ.57,500 కలుస్తుంది. దాని మీద టీసీఎస్, అంటే అమ్మేవాళ్లు మన దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను. 2025-26 దాకా విదేశీ ప్యాకేజీలపై రూ.10 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతం వసూలు చేసేవారు. 2026 ఏప్రిల్ 1 నుంచి మొత్తానికి 2 శాతమే. అంటే మీకు సుమారు రూ.24 వేలు. ఇది ఖర్చు కాదు, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది లేదా తిరిగొస్తుంది. కాబట్టి రిటర్ను వేసే మీ ఇద్దరిలో ఒకరి పాన్ మీదే డబ్బు కట్టండి. రిటర్ను వెయ్యని నాన్నగారి పాన్ ఇస్తే ఆ డబ్బు అక్కడే ఇరుక్కుంటుంది. మొత్తమ్మీద మీ చేతిలోంచి వెళ్లేది రూ.12.30 లక్షలు. మధ్యాహ్న భోజనాలు, టిప్పులు, వీసా ఫీజు చాలా ప్యాకేజీల్లో బయటే ఉంటాయి. రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

ఇక సొంతంగా వెళ్తే ఎంతవుతుందో లెక్క వేద్దాం. యూరోకు రూ.110, స్విస్ ఫ్రాంకుకు రూ.120 చొప్పున వేస్తున్నాను. పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో నాలుగు, రోమ్‌లో మూడు అనుకుందాం.

విమానాలకు మల్టీ-సిటీ టికెట్ తీసుకోవాలి. శంషాబాద్ నుంచి పారిస్‌కు, తిరుగు ప్రయాణం ఆఖరి ఊరి నుంచి. రానూపోనూ పారిస్ టికెట్టే కొంటే, విమానం కోసం మళ్లీ పారిస్ చేరడానికి ఒక రోజూ నాలుగు రైలు టికెట్లూ వృథా. మే సెలవుల రద్దీలో ఒక స్టాప్ ఉన్న టికెట్ తలకు రూ.70 వేలు వేసుకోండి. రెండేళ్లు దాటిన పిల్లలకు పెద్దగా తగ్గదు కాబట్టి నలుగురికీ రూ.2.80 లక్షలు. గదులకు పారిస్‌లో రాత్రికి 170 యూరోలు, లూసర్న్‌లో 220 ఫ్రాంకులు, రోమ్‌లో 160 యూరోలు చొప్పున మొత్తం రూ.2.33 లక్షలు. రోమ్‌లో సిటీ ట్యాక్స్ విడిగా కౌంటర్లో కట్టాలి. త్రీస్టార్ హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోలు. పదేళ్లు నిండని పిల్లలకు లేదు, కానీ పాపకు అప్పటికి దాటిపోతాయి. ముగ్గురికి మూడు రాత్రులు, 54 యూరోలు. ఆన్‌లైన్లో గదికి డబ్బంతా కట్టేశాం కదా అనుకుని వెళ్లినవాళ్లకు ఇది అక్కడే తెలుస్తుంది.

వీసా, బీమా కలిపి రూ.42 వేలు. పారిస్ నుంచి లూసర్న్, అక్కణ్నుంచి మిలన్ మీదుగా రోమ్‌కు రైళ్లు రూ.55 వేలు. స్విట్జర్లాండ్ రైళ్లు, బస్సులు, పడవల్లో తిరిగే స్విస్ ట్రావెల్ పాస్ పెద్దలిద్దరికి రూ.72 వేలు. మంచు కొండ ఒకటి ఎక్కడానికి రూ.36 వేలు. తిండికి పారిస్, రోమ్‌లలో రోజుకు 80 యూరోలు, స్విస్‌లో 90 ఫ్రాంకులు వేస్తే రూ.1.14 లక్షలు. ఊళ్లో తిరుగుళ్లు, ప్రవేశ టికెట్లు రూ.66 వేలు. సిమ్ములు, బొమ్మలు, చాక్లెట్లు రూ.40 వేలు. అన్నీ కూడితే రూ.9.44 లక్షలు. చేతిలో ఇంకో యాభై వేలు ఉంచుకుంటే దాదాపు పది లక్షలు.

మీ దగ్గర ఎంత కూడుతుంది? అన్నీ పోను నెలకు రూ.55 వేలు మిగులుతోంది. అందులో రూ.50 వేలు పక్కన పెడితే 12 నెలల్లో రూ.6 లక్షలు. బోనస్ రూ.2 లక్షలు. మొత్తం రూ.8 లక్షలు. వడ్డీ పది, పన్నెండు వేలు రావచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. బ్యాంకులో ఉన్న రూ.3 లక్షల వైపు చూడకండి. మీ ఈఎంఐ, ఇంటి ఖర్చు, బీమా కలిపితేనే నెలకు రూ.1.30 లక్షలు. ఆ డబ్బు రెండు నెలల పైచిలుకుకే సరిపోతుంది. ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఇబ్బంది వస్తే అదొక్కటే ఆధారం. అసలు అది ఆరు లక్షలైనా ఉండాల్సింది.

అలా పది లక్షలకు రెండు లక్షలు తక్కువ. ఇక్కడే స్నేహితులు లోను అంటారు. కొందరు మొత్తం లోను మీదే వెళ్లిపోతున్నారు కూడా. రూ.8 లక్షలు 13 శాతం మీద మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు రూ.27 వేలు, వడ్డీ రూ.1.70 లక్షలు. ఇప్పుడు రోమ్ తీసేస్తే ఎంత మిగులుతుందో చూడండి. గది, ట్యాక్స్ రూ.58,740, లూసర్న్ నుంచి రోమ్ దాకా రైళ్లు రూ.30,800, మూడు రోజుల తిండి రూ.26,400, టికెట్లు, తిరుగుళ్లు రూ.25 వేలు. వెరసి రూ.1.41 లక్షలు.

డబ్బు ఒక్కటే కాదు. అయిదేళ్ల బాబుతో, నాలుగు పెట్టెలతో ఊరు మారిన ప్రతిసారీ రోజులో సగం పోతుంది. ఉదయం పదకొండుకు గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్లో గది మూడింటికి గానీ ఇవ్వరు. లూసర్న్ నుంచి రోమ్ అంటే మిలన్‌లో రైలు మారి, ఆరేడు గంటలు. పిల్లలు రైల్లో నిద్రపోయి రాత్రి హోటల్లో మేలుకుంటారు. కొలోసియం ఎక్కడికీ పోదు, పాప డిగ్రీకి వచ్చాక చూపించండి.

రోమ్ పోతే రూ.8.03 లక్షలు. కొండ సంగతీ ఆలోచించండి. మంచు కొండ అనగానే మనవాళ్లంతా యుంగ్‌ఫ్రావ్‌యోక్ అంటారు. ఇంటర్లాకెన్ నుంచి రానూపోనూ పెద్దవాళ్ల టికెట్ 200 ఫ్రాంకులు దాటుతుంది, పాస్ ఉన్నా తగ్గింపే తప్ప ఉచితం కాదు. అదే రిగి కొండ రైలు, లూసర్న్ సరస్సు మీద పడవలు స్విస్ ట్రావెల్ పాస్‌లోనే ఉన్నాయి. రిగితో సరిపెట్టుకుంటే రూ.36 వేలు మిగిలి ఖర్చు రూ.7.67 లక్షలకు దిగుతుంది. చేతి ఖర్చు యాభై వేలు కలిపినా రూ.8.17 లక్షలు. తక్కువ పడే రూ.17 వేలకు నెలనెలా మిగిలే ఆ అయిదు వేలు చాలు.

పాస్ కొనేటప్పుడు రెండు విషయాలు. పాస్‌తోపాటు స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితంగా అడిగి తీసుకోండి, పాప టికెట్ లేకుండా మీతో తిరగొచ్చు. ఆరేళ్లలోపు బాబుకు ఎలాగూ టికెట్ లేదు. పాస్‌లో రోజులు వరసగా లెక్క. నాలుగు రాత్రులంటే అయిదు తేదీలు తగులుతాయి. పారిస్ నుంచి వచ్చే రోజు టికెట్ బాజెల్ మీదుగా లూసర్న్ దాకా కలిపి కొనేసి, నాలుగు రోజుల పాస్ మర్నాటి నుంచి మొదలుపెట్టండి. ఆఖరి రోజు జ్యూరిక్ విమానాశ్రయం రైలు కూడా అందులోనే వచ్చేస్తుంది.

డబ్బు దాచే చోటు గురించి. ఏడాదిలో కావాల్సిన డబ్బు ఈక్విటీలో వద్దు. 12 నెలల ఆర్‌డీ కూడా మీకు కుదరదు, ఎందుకంటే జనవరిలోనే విమానాలకు రూ.2.80 లక్షలు కావాలి. లిక్విడ్ ఫండ్‌లోగానీ (స్వల్పకాలిక రుణ పత్రాల్లో పెట్టే ఫండ్), స్వీప్-ఇన్ ఎఫ్‌డీలోగానీ (సేవింగ్స్ ఖాతాకు ముడిపడిన ఎఫ్‌డీ) వేస్తే కావాల్సినంత మేరకే తీసుకోవచ్చు. జీతం పడిన మర్నాడే రూ.50 వేలు వెళ్లేలా ఆటో-డెబిట్ పెట్టండి. నెలాఖరుకు మిగిలింది వేద్దాం అనుకుంటే ఏమీ మిగలదు.

ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. మే రెండో వారంలో బయల్దేరాలంటే నవంబరు నుంచే తలుపు తెరుచుకుంటుంది. సెలవుల కోసం అందరూ ఫిబ్రవరి, మార్చిలో ఎగబడతారు, అప్పుడు స్లాట్లు దొరకడం కష్టం. మీరు జనవరి మొదటి వారాల్లో వేయండి. ఏ దేశానికి వేయాలన్నదగ్గర చాలామంది పొరబడతారు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే వేయాలి. రెండూ సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మీ లెక్కలో నాలుగు-నాలుగు, ముందు పారిస్, కాబట్టి ఫ్రాన్స్. లూసర్న్‌లో ఇంకో రాత్రి కలిపితే స్విట్జర్లాండ్‌కు వేయాలి. కాబట్టి రాత్రుల లెక్క ముందే తేల్చుకుని, గదుల బుకింగులు దానికి సరిపోయేలా ఉంచండి.

ఫీజు పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు ఉచితం. సర్వీసు ఛార్జీలు అదనం. 12 ఏళ్లలోపు పిల్లలకు వేలిముద్రలుండవు. వైద్య బీమా కనీసం 30 వేల యూరోలకు ఉండాలి. వీసా రాకపోతే ఫీజు తిరిగిరాదు. అందుకే వీసా చేతికి వచ్చేదాకా విమానం టికెట్లకు రిజర్వేషన్, గదులకు ఉచితంగా రద్దు చేసుకునే బుకింగే ఉంచండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో దరఖాస్తుకు వారం ముందు అయిదు లక్షలు ఒక్కసారిగా వచ్చి పడితే అనుమానిస్తారు. నెలనెలా పోగైన డబ్బు అయితే ఆ బెడద ఉండదు. పిల్లల దరఖాస్తుల మీద తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి.

ఈ వారమే చూడాల్సింది బాబు పాస్‌పోర్టు. చిన్నపిల్లల పాస్‌పోర్టు గడువు అయిదేళ్లే. పుట్టిన కొత్తలో తీసుకున్నదైతే వచ్చే ఏడాదికి అయిపోవచ్చు. షెంజెన్ నుంచి బయటికొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు గడువుండాలి.

పారిస్‌లో గది తీసుకునేటప్పుడు పిల్లలిద్దరి పేర్లూ వయసులూ తప్పక రాయండి. అక్కడి మామూలు గదులు చాలావరకు ఇద్దరికీ ముగ్గురికీ మించి ఒప్పుకోవు. ఇద్దరు పెద్దలని బుక్ చేసి నలుగురు వెళ్తే కౌంటర్లో రెండో గది తీసుకోమంటారు, అదీ ఆ రోజు రేటుకు. చిన్న వంటగది ఉన్న అపార్ట్‌మెంట్-హోటల్ మేలు. అన్నం, పప్పు వండుకుంటే బాబు పస్తుండడు, తిండి ఖర్చూ అదుపులో ఉంటుంది. లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూసి ఉంటుంది. యూరప్ బయటివాళ్లకు 2026 జనవరి నుంచి టికెట్ 32 యూరోలు, 18 ఏళ్లలోపు వారికి ఉచితం.

ఇక ఫారెక్స్, అంటే విదేశీ డబ్బు. ముందే డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డులో యూరోలు, ఫ్రాంకులు రెండూ విడివిడిగా నింపండి. స్విట్జర్లాండ్‌లో యూరోలతో నెట్టుకొద్దామంటే కార్డు గీసిన ప్రతిసారీ ఒక కరెన్సీని మరో కరెన్సీలోకి మార్చే క్రాస్-కరెన్సీ రుసుము పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం మార్కప్, దానిపై జీఎస్టీ కలిపితే లక్షకు రూ.4,130 పోతుంది. దుకాణంలో మెషీన్ ‘రూపాయల్లో కట్టాలా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ల సొంత రేటు పడుతుంది. హోటల్లో డిపాజిట్‌కు ఫారెక్స్ కార్డు ఇవ్వకండి, ఆ మొత్తం రోజుల తరబడి బ్లాక్ అవుతుంది. దానికి క్రెడిట్ కార్డు చూపించండి. నోట్లు 300 యూరోలు, 200 ఫ్రాంకులు చాలు. కరెన్సీ కొనడానికి ఒక్కో పాన్ మీద ఏడాదికి రూ.10 లక్షల దాకా టీసీఎస్ లేదు. కానీ ఒకే సైట్‌లో విమానం, హోటల్ కలిపి కొంటే అది ప్యాకేజీ కిందకే వస్తుంది, గమనించండి.

మీ ఖర్చులో నాలుగు వేలకు పైగా యూరోలూ ఫ్రాంకులూ ఉన్నాయి. నేను వేసిన రేటు మీద అయిదు రూపాయలు పెరిగితే రూ.20 వేలు అదనం. అందుకే ఫిబ్రవరి నుంచి మూడు విడతల్లో కొనండి. ఆఫీసులో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) క్లెయిమ్ చేద్దామని మాత్రం అనుకోకండి, అది దేశంలోపలి ప్రయాణాలకే.

బోనస్ ఇంకా చేతికి రాని డబ్బే. కాబట్టి జనవరిలో వీసా చేతికొచ్చి విమానం టికెట్లు కొనే రోజున ఒకసారి ఆగి చూసుకోండి. అప్పటికి తొమ్మిది వాయిదాలు, అంటే రూ.4.50 లక్షలు, పడి ఉండాలి, బోనస్ మీద ఆఫీసులో స్పష్టత ఉండాలి. రెండింట్లో ఏది లేకపోయినా టికెట్లు కొనకండి. ఆ డబ్బుతో వేసవిలో సింగపూర్ నాలుగైదు రోజులు వెళ్లి రావచ్చు, యూరప్‌ను మరో ఏడాదికి జరపొచ్చు.