హాట్ టబ్ మోటారు మూలుగుతోంది, తిరగడం లేదు. ఏం చేయాలి?

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి మిషిగన్‌ వచ్చి, ఈమధ్యే ఇల్లు కొన్న తమ్ముడి సందేహం ఇది. ఇంటితోపాటు వచ్చిన హాట్ టబ్‌లో (వేడినీళ్ళ తొట్టిలో) పంపు తిరగకుండా 'ఊఁ' అని మూలుగుతోందట. రిపేరుకు వచ్చినతను పంపు మొత్తం మార్చాలన్నాడు. చంద్రగిరి దగ్గర పొలం చేసుకునే వాళ్ళ నాన్నేమో ఫోన్లో విని, "వైండింగ్ చేయించు, లేదంటే ఇక్కడే కొత్తది కొని పంపిస్తా" అన్నారట.

తమ్ముడూ, మీ నాన్నగారి మాట తీసిపారేయొద్దు. నాదీ ఉమ్మడి చిత్తూరు జిల్లానే. మోటార్లు కాలడం మన వైపు బోరు రైతు చూసినంతగా ఎవరు చూశారు? కాకపోతే అమెరికాలో ఇంత చిన్న మోటారుకు వైండింగ్ చేసేవాళ్ళు దొరకడం కష్టం, దొరికినా గిట్టుబాటు కాదు. పచ్చళ్ళ పక్కన మోటారు పెట్టి పంపించే ఆలోచన మాత్రం మాన్పించు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. ఊరి మోటారు ఇక్కడ ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరిగి, లోడు పెరిగి వేడెక్కుతుంది. బోల్టులూ కలవవు.

ముందు బ్రేకర్ ఆపు. టబ్ బటన్ ఆపితే చాలదు. ఇలాంటి టబ్‌లకు చాలావరకు 240 వోల్టులు వస్తాయి, కరెంటు పోయిందని మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టు. మోటారు స్టార్ట్ కావడానికి ఊపునిచ్చే కెపాసిటర్‌లో ఆ తర్వాత కూడా ఛార్జి నిలిచి ఉంటుంది. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలువు, మొహమాటమేమీ లేదు.

ఇప్పుడు మోటారు షాఫ్ట్‌ను (మధ్యలో తిరిగే ఇరుసును) చేత్తో తిప్పి చూడు. సులువుగా తిరిగితే మొదటి అనుమానం కెపాసిటర్ మీదే. అది మార్చేటప్పుడు కొత్తదాని మీదున్న మైక్రోఫారడ్ (కెపాసిటర్ సామర్థ్యం) అంకె పాతదానితో సరిపోవాలి, వోల్టేజీ తగ్గకూడదు. దీనితో పని అయిపోతే నీ అదృష్టం. తిరగకపోతే ఇంపెల్లర్‌లో (పంపులో నీళ్ళను తోసే చక్రంలో) చెత్త ఇరుక్కుని ఉండాలి, లేదా బేరింగులు తుప్పుపట్టి ఉండాలి. కీచుమనే అరుపు సాధారణంగా బేరింగులదే. మోటారుకూ పంపుకూ మధ్య నీళ్ళు కారుతుంటే, షాఫ్ట్ చుట్టూ నీళ్ళను ఆపే సీలు పోయినట్టు. చిన్న లీకే కదా అని వదిలేస్తే ఆ నీళ్ళే బేరింగులను తినేస్తాయి.

మోటారే పోయిందనుకో, పంపు భాగం బాగుంటే మోటారు ఒక్కటే మార్చుకోవచ్చు. రిపేరువాళ్ళు అందరూ ఈ సంగతి చెప్పరు. కొనేటప్పుడు హార్స్ పవర్ అంకెను నమ్మొద్దు, అమ్మేవాళ్ళు దాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచి వేస్తారు. పాత మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లు, వోల్టులు, ఒక స్పీడా రెండు స్పీడులా, ఫ్రేమ్ నంబరు (మోటారు బాడీ సైజు), ఇవి కలవాలి. ప్లేటు చెరిగిపోతే మోటారు పొడవునా ఉండే బోల్టుల మధ్య దూరాన్ని మూల నుంచి మూలకు (ఐమూలగా) కొలువు: 5 అంగుళాల దగ్గర ఉంటే 48 ఫ్రేమ్, 6 దాటితే 56. సీలు మాత్రం కొత్తదే వెయ్యి, దాని నున్నటి ముఖాన్ని జిడ్డు వేళ్ళతో ముట్టుకోకు. మోటారు బాడీకి ఉన్న రాగి తీగను మళ్ళీ బిగించడం మర్చిపోయావో, ప్రాణాల మీదికి వస్తుంది.

సామాను రావడానికి రోజులు పట్టి, బయట గడ్డకట్టే చలి ఉంటే టబ్ ఖాళీ చేసి, పైపుల్లో మిగిలిన నీళ్ళు కూడా వ్యాక్యూమ్‌తో లాగెయ్యి.

అంతా బిగించి నీళ్ళు నింపాక పంపు తిరుగుతున్నా జెట్ల నుంచి నీళ్ళు చిమ్మకపోతే కంగారుపడకు, లోపల గాలి పట్టి ఉంటుంది. నీళ్ళు లేకుండా తిరిగితే కొత్త సీలు మాడిపోతుంది కాబట్టి వెంటనే ఆపు. పంపు దగ్గరి యూనియన్ నట్టును (పైపును పంపుకు కలిపే పెద్ద నట్టును) కొంచెం వదులు చెయ్యి, బుసబుసమని గాలి పోయి నీళ్ళు కారగానే బిగించు.