బ్లాక్ సైజు పెంచేస్తే పోయేది కదా, అంత గొడవెందుకు?

మీ ప్రశ్న అర్థమైంది: బిట్‌కాయిన్‌లో పది నిమిషాలకో బ్లాకు (లావాదేవీల కట్ట), అప్పట్లో బ్లాకుకు పరిమితి 1 ఎంబీ, సెకనుకు మహా అయితే ఏడు లావాదేవీలు. ఆ అంకె పెంచడానికి 2015 నుంచి 2017 దాకా కొట్టుకోవడం దేనికి?

2015లో నేనూ ఇదే అడిగాను. బ్లాకు పెంచాలని వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చిన బిట్‌కాయిన్ ఎక్స్‌టీ వాళ్లు 8 ఎంబీ అంటే, తప్పేముందని వాదించినవాణ్ణి. నా మనసు మార్చింది ఎవరి వాదనలూ కావు, మా ఇంటి కరెంటు.

పాత లాప్‌టాప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించి ఫుల్ నోడ్ (అన్ని బ్లాకులనూ తనే సరిచూసుకునే కంప్యూటర్) నడిపేవాణ్ణి. ఓ రాత్రి గాలివానకి కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. తెల్లారి చూస్తే డేటాబేస్ పాడైంది, రీఇండెక్స్ చెయ్యమంటోంది. అంటే 2009 నాటి మొదటి బ్లాకు నుంచి అన్నీ మళ్లీ చదువుకుంటూ రావాలి. నాలుగు రోజులు ఫ్యాన్ రొద ఆగలేదు. "అది పేలదు కదరా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. అప్పుడు లెక్కేశాను. 1 ఎంబీ బ్లాకులు నిండుగా వస్తే ఏడాదికి సుమారు 52 జీబీ, అదే 8 ఎంబీ అయితే 420 జీబీ. నాలాంటివాళ్లు నోడ్లు ఆపేసుకుంటే మిగిలేది కంపెనీల సర్వర్లే. చిన్న బ్లాకుల వాళ్ల భయం అదే.

చివరికి 2017 ఆగస్టు 1న పెద్ద బ్లాకుల వాళ్లు 8 ఎంబీతో బిట్‌కాయిన్ క్యాష్ అనే వేరే నాణెంగా విడిపోయారు. ఇటు బిట్‌కాయిన్‌లో ఆగస్టు 24న సెగ్విట్ అనే మార్పు అమల్లోకొచ్చింది. లావాదేవీల్లోని డిజిటల్ సంతకాల డేటాకి నాలుగో వంతు బరువే లెక్కేస్తుంది కాబట్టి అదే బ్లాకులో ఎక్కువ లావాదేవీలు పడతాయి, పాత నోడ్లూ పనిచేస్తాయి. దానితోపాటు 2 ఎంబీ కూడా కావాలన్న సెగ్విట్2ఎక్స్ ప్రతిపాదన నవంబరులో అటకెక్కింది.

చిన్న బ్లాకుల వాళ్లు గెలిచారు సరే, డిసెంబరులో నాకు చుక్కలు కనిపించాయి. ఫ్రీలాన్స్ పనులకి తొమ్మిది విడతల్లో వచ్చినదంతా కలిపితే 0.005 బిట్‌కాయిన్. ఫీజు మనం పంపే మొత్తాన్ని బట్టి ఉండదు, బైట్లను బట్టి ఉంటుంది. వాలెట్‌లో ఒక్కో విడతా విడి ముక్కగానే ఉంటుంది; ఆ తొమ్మిది ముక్కలు కలిపి పంపితే దాదాపు 1,400 బైట్లు, బైటుకు 400 సతోషీలు (సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు). ఫీజే 0.0055 దాటింది! చారాణా కోడికి బారాణా మసాలా. బిట్‌కాయిన్ పైన చిన్న చెల్లింపులకి లైట్నింగ్ అనే నెట్‌వర్క్ వస్తుంది ఆగండి అనేవాళ్లు. వచ్చాక కూడా అందులో ఛానెల్ (ఇద్దరి మధ్య చెల్లింపుల దారి) తెరవాలంటే ముందు మెయిన్ చెయిన్, అంటే అసలు బిట్‌కాయిన్ బ్లాకుల మీద ఫీజు కట్టాల్సిందే, ఆ ముక్క ఎవరూ గట్టిగా చెప్పలేదు.

అయినా ఇప్పుడడిగితే నా ఓటు సెగ్విట్‌కే. ఆ తొమ్మిది ముక్కలూ ఫిబ్రవరిలో ఫీజులు పడిపోయాక ఒకే అడ్రసుకి పంపుకున్నాను, పెద్ద ఖర్చేం కాలేదు. మీ వాలెట్‌లోనూ అలాంటి చిల్లర ఉంటే రద్దీ లేనప్పుడు కలిపేసుకోండి.