36 షాట్లు కొట్టినా నెగటివ్ ఖాళీ: కారణం దాదాపు ఇదే

తాతగారు నిలబడ్డ చోటు నుంచే చార్మినార్‌ను మళ్లీ తీద్దామని 36 షాట్లు కొట్టానని, కడిగిస్తే నెగటివ్ మొత్తం ఖాళీగా వచ్చిందని, తప్పు ల్యాబ్‌దేనా అని అడిగారు. కెమెరా లోపల ఫిల్మ్ ముందుకు కదల్లేదు. ల్యాబ్ తప్పు కాదు. ఫిల్మ్ అంచున నంబర్లు, కంపెనీ పేరు స్పష్టంగా ఉన్నాయన్నారు కదా, అంటే డెవలపింగ్ సరిగ్గానే జరిగింది. అవి కూడా లేకపోతే అప్పుడు ల్యాబ్‌ను అడగాలి.

షాట్లు లెక్కపెట్టే కౌంటర్ 36 చూపించిందని నమ్మకండి. పెంటాక్స్ కే1000 లాంటి కెమెరాల్లో లోపల ఫిల్మ్ లేకపోయినా, ఫిల్మ్‌ను ముందుకు జరిపే లివర్ తిప్పితే అంకె మారుతుంది.

ఈసారి ఇలా లోడ్ చేయండి:

1. ఫిల్మ్ కొసను కుడివైపు, ఫిల్మ్‌ను చుట్టుకునే స్పూల్ చీలికలో గట్టిగా దూర్చండి.
2. లివర్ తిప్పి, పైనా కిందా ఉన్న పళ్లు ఫిల్మ్ అంచు రంధ్రాల్లో పడ్డాకే వెనక తలుపు మూయండి.
3. ఎడమవైపు రివైండ్ నాబ్‌ను (ఫిల్మ్‌ను తిరిగి డబ్బాలోకి చుట్టేది) బాణం గుర్తు దిక్కున మెల్లగా తిప్పి, బిగుసుకోగానే ఆపండి. అందరూ వదిలేసేది ఇదే. ఇప్పుడు లివర్ తిప్పితే ఆ నాబ్ దానంతటదే వెనక్కి తిరగాలి. తిరగలేదా, ఫిల్మ్ పట్టుకోలేదు. మళ్లీ తెరవండి, పోయేది రెండు మూడు ఫ్రేములే. నేను ఇప్పటికీ ప్రతి షాట్‌కీ నాబ్ వంక ఓ చూపు వేస్తాను.

నాబ్ తిరిగినా ఖాళీగానే వస్తే షటర్‌ను, అంటే ఫిల్మ్ మీదికి వెలుగును వదిలే తెరను, అనుమానించాలి. ఫిల్మ్ లేకుండా వెనక తలుపు తెరిచి, షటర్ వేగం 1 సెకను పెట్టి నొక్కండి. లెన్స్‌లోంచి వెలుగు కనిపించాలి.

ఇక చార్మినార్ దగ్గర మీ తాతగారు నిలబడ్డ చోటు కనుక్కోవడానికి పాత ప్రింట్‌లో మినార్ అంచు ఏ బాల్కనీకి ఆనుతోందో చూసుకోండి. అది కుదిరేదాకా మీరే అటూ ఇటూ జరగాలి, జూమ్‌తో కుదరదు.